ఎంఎస్ చెక్‌లిస్ట్ వెనక ఎనిమిది వందల ఏళ్ల కథ

ఈసారి రాజులు లేరు, యుద్ధాలు లేవు. ఒక కాగితం గురించి మాట్లాడుకుందాం. మన ఊళ్లల్లో బీటెక్ ఫైనలియర్ పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఈ కాగితం ఫ్రిజ్ మీదో, వాట్సాప్‌లోనో కనిపిస్తుంది. జీఆర్‌ఈ, టోఫెల్, ట్రాన్స్‌క్రిప్ట్స్, క్రెడిట్స్, ఫండ్స్, ఐ-20, సెవిస్ ఫీజు, వీసా ఇంటర్వ్యూ, ఓపీటీ. అదే ఎంఎస్ చెక్‌లిస్ట్. కన్సల్టెన్సీకి వెళితే ఏం చేయాలో చెప్తారు. ఎందుకు చేయాలో ఎవరూ చెప్పరు. ఆ "ఎందుకు" అన్నదే ఇవాళ్టి కథ.

మనకి ఒక పాత కథ ఉంది, చాలామంది వినే ఉంటారు. ఒకాయన ఏటా తండ్రి తద్దినం పెట్టేవాడు. ఇంట్లో పెంపుడు పిల్లి పాలకుండ మీదికి దూకుతోందని, తద్దినం అయ్యేదాకా దాన్ని గంప కింద మూసిపెట్టేవాడు. ఆయన పోయాక కొడుకు తద్దినం పెట్టాల్సి వచ్చింది. ఇంట్లో పిల్లి లేదు. దాంతో ఊరంతా తిరిగి ఒక పిల్లిని పట్టుకొచ్చి, గంప కింద పెట్టి, అప్పుడు మంత్రం మొదలుపెట్టించాడట. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసిన వాళ్లకి ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. పాత కోడ్‌లో ఎవరో పదేళ్ల కిందట రాసిన వింత కండిషన్ ఒకటి ఉంటుంది. ఎందుకు రాశారో తెలీదు, తీసేయాలంటే భయం. నేనూ కొన్నేళ్లు ఆ పనే చేసి ఇటు వచ్చాను కాబట్టి, ఏ రూల్ చూసినా నాకు మొదట వచ్చే ప్రశ్న ఒకటే: దీని వెనక ఉన్న బగ్ ఏంటి? ఈ చెక్‌లిస్ట్‌ని కూడా అలాగే విప్పి చూద్దాం. ఏ రూల్ వెనక ఇంకా పిల్లి ఉంది, ఎక్కడ ఉత్త గంపే మిగిలింది?

మొదటిది, అసలు "మాస్టర్" అనే మాట. లాటిన్‌లో మాజిస్టర్ అంటే పంతులుగారు. పన్నెండు, పదమూడో శతాబ్దాల్లో ఐరోపాలో బొలోన్యా, పారిస్, ఆక్స్‌ఫర్డ్ లాంటి చోట్ల విశ్వవిద్యాలయాలు రూపు కట్టినప్పుడు, ఈ డిగ్రీ అర్థం ఒక్కటే: ఇతను ఇక పాఠం చెప్పొచ్చు అనే లైసెన్సు. కంసాలి దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు పెద్ద కంసాలి అయినట్టు, శిష్యుడు పంతులయ్యే ఘట్టం అది.

1215లో పారిస్ విశ్వవిద్యాలయానికి రాసిచ్చిన నిబంధనలు ఇప్పటికీ ఉన్నాయి. అవి చదువుతుంటే నవ్వొస్తుంది. ఆర్ట్స్‌లో పాఠం చెప్పాలంటే కనీసం 21 ఏళ్లు నిండాలి. అంతకుముందు కనీసం ఆరేళ్లు పాఠాలు విని ఉండాలి. ఆపైన కనీసం రెండేళ్లు ఇక్కడే పాఠం చెప్తానని మాటివ్వాలి. చూశారా, ఎలిజిబిలిటీ ఉంది, మినిమమ్ డ్యూరేషన్ ఉంది, మన ఐటీ కంపెనీల్లాగా రెండేళ్ల బాండ్ కూడా ఉంది! ఇంకో తమాషా ఏంటంటే, దానికంటే ముందే, 1179లో చర్చి పెద్దల సభ ఒకటి లైసెన్సు ఇవ్వడానికి డబ్బు వసూలు చేయకూడదని తీర్మానం చేసింది. అర్హత ఉన్నవాడికి ఊరికే ఇవ్వాలి అని. కూడదని రాయాల్సి వచ్చిందంటే, అప్పటికే ఎవరో వసూలు చేస్తున్నారనేగా అర్థం. అప్లికేషన్ ఫీజు గొడవ అంత పాతది.

ఆ పాత పద్ధతి గుర్తుగా ఒక గంప ఇప్పటికీ మిగిలి ఉంది. ఆక్స్‌ఫర్డ్‌లో బీఏ చేసినవాళ్లకి, చేరిన రోజు నుంచి 21 టర్మ్‌లు, అంటే ఏడేళ్లు గడిస్తే ఎంఏ వచ్చేస్తుంది. కొత్త పరీక్ష లేదు, థీసిస్ లేదు. కేంబ్రిడ్జ్‌లోనూ దాదాపు ఇదే పద్ధతి. మనం ఒక్కో క్రెడిట్‌కి డాలర్లు లెక్కపెట్టుకుంటుంటే అక్కడ కాలం గడిస్తే చాలు. కాకపోతే అది చదివి సంపాదించే మాస్టర్స్ కాదని వాళ్లకీ తెలుసు.

మరి చదివి సంపాదించే మాస్టర్స్ ఎలా వచ్చింది? ఇక్కడ మనవాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. పందొమ్మిదో శతాబ్దంలో పైచదువుల కోసం విదేశాలకి పరుగెత్తింది అమెరికా వాళ్లే! స్వదేశంలో పరిశోధన నేర్పే విశ్వవిద్యాలయాలు సరిగా లేక, వేలమంది ఓడలెక్కి జర్మనీ వెళ్లారు. అలా వెళ్లి వచ్చినవాళ్లే తిరిగొచ్చి ఇంట్లో జర్మనీ పద్ధతి పెట్టారు. 1876లో బాల్టిమోర్‌లో మొదలైన జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం దానికి పెద్ద గుర్తు. అయినా జర్మనీలో అమెరికా డిగ్రీకి అంత విలువుండేది కాదు. ఏ కాలేజీ మంచిదో, ఏది కాదో తెలిసేది కాదు మరి. చివరికి 1900లో అమెరికాలోని 14 విశ్వవిద్యాలయాలు చికాగోలో కూర్చుని ఒక సంఘం పెట్టుకున్నాయి. మా డిగ్రీలకి ఒక ప్రమాణం ఉందని ఐరోపాకి చూపించడం దాని పనుల్లో ఒకటి. ఇవాళ "మీ కాలేజీకి న్యాక్ గ్రేడ్ ఎంత, మీ డిగ్రీ మా డిగ్రీకి సమానమేనా" అని అడుగుతున్నది ఎవరో, ఆ ప్రశ్న ముందు తలొంచుకుని నిలబడ్డదీ వాళ్లే. కాబట్టి క్రెడెన్షియల్ ఇవాల్యుయేషన్ అడిగితే మనల్ని ప్రత్యేకంగా అవమానించారని అనుకోనక్కర్లేదు. కొత్తగా వచ్చిన ప్రతివాడినీ పాతవాడు అడిగే ప్రశ్నే అది.

ఇక క్రెడిట్స్. చాలా అమెరికా ఎంఎస్‌లు 30 నుంచి 36 క్రెడిట్లు. ఒక సబ్జెక్టుకి సాధారణంగా మూడు. ఈ మూడు ఎక్కణ్నుంచి వచ్చింది? నమ్మండి, పెన్షన్ల నుంచి. 1905లో ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ కాలేజీ ప్రొఫెసర్ల పెన్షన్ కోసం కోటి డాలర్లు ఇచ్చాడు. డబ్బు పంచాలంటే ముందు "కాలేజీ" అంటే ఏంటో తేలాలి కదా. అందుకని కార్నెగీ ఫౌండేషన్ షరతులు పెట్టింది: కనీసం ఆరుగురు పూర్తికాలం ప్రొఫెసర్లు ఉండాలి, చేరే పిల్లలు హైస్కూల్లో కనీసం 14 యూనిట్లు చదివి ఉండాలి. ఒక యూనిట్ అంటే దాదాపు 120 గంటల క్లాసు. పెన్షన్ మీద ఆశతో కాలేజీలన్నీ ఈ కొలతలోకి వచ్చేశాయి. ఆ తర్వాత 1910లో అదే ఫౌండేషన్ మారిస్ కుక్ అనే మెకానికల్ ఇంజనీరుతో ఒక నివేదిక రాయించింది. ఆయన ఫ్యాక్టరీల్లో పనిని గంటల లెక్కన కొలిచిన ఫ్రెడరిక్ టేలర్ శిష్యుడు. కాలేజీని కూడా ఫ్యాక్టరీలా చూసి "స్టూడెంట్ అవర్" అనే కొలత ప్రతిపాదించాడు. అంటే ఒక విద్యార్థి, ఒక గంట.

ఈ లెక్క తెలిస్తే ఏంటి లాభం? క్రెడిట్ అనేది తెలివిని కొలిచేది కాదు, కాలాన్ని కొలిచేది. అందుకే మన బీటెక్‌లో "నాకు సబ్జెక్టు బాగా వచ్చు" అన్నా ట్రాన్స్‌ఫర్ ఇవ్వరు, ఏ డిగ్రీకి ఎన్ని గంటలు కూర్చున్నావని చూస్తారు. మూడేళ్ల బీఎస్సీ, బీకాం వాళ్లని చాలా విశ్వవిద్యాలయాలు "మొత్తం 16 ఏళ్ల చదువు కాలేదు" అని ఆపేదీ ఇందుకే. ఇంటర్ దాకా 12, పైన 3 కలిపితే 15. బీటెక్ అయితే 16. ఒక్క ఏడాది తేడా, మనిషిలో కాదు, లెక్కలో. అన్నీ ఈ లెక్క పట్టుకుని కూర్చోవు, మూడేళ్ల డిగ్రీని తీసుకునేవీ ఉన్నాయి. కాబట్టి డిగ్రీ మూడేళ్లదైతే ఫీజు కట్టకముందే డిపార్ట్‌మెంట్‌కి ఒక మెయిల్ రాసి అడగండి. నలభై నిమిషాల పని, నాలుగు అప్లికేషన్ల డబ్బు మిగులుతుంది.

కాగితం మీద ఒక మెట్టు తక్కువ ఉంటే ఎలా ఉంటుందో మన తెలుగువాడే ఒకాయన చూశాడు. యల్లాప్రగడ సుబ్బారావు గారు, 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో గాంధీగారి పిలుపు విని ఖాదీ గౌను వేసుకున్నందుకు ఒక తెల్ల ప్రొఫెసర్‌కి కోపం వచ్చిందని, దాంతో ఎంబీబీఎస్ బదులు తక్కువ స్థాయి ఎల్‌ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చిందని ఆయన జీవితం రాసినవాళ్లు చెప్తారు. 1920ల మొదట్లో, మామగారు పోగుచేసిన డబ్బు, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇస్తామన్న సాయం నమ్ముకుని బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యం చదివారు. స్కాలర్‌షిప్ లేదు. పొట్టపోసుకోవడానికి ఆసుపత్రిలో రాత్రిళ్లు పోర్టర్ పని. 1930లో పీహెచ్‌డీ. ఆ తర్వాత ఆయన పేరు ముడిపడిన మందులు, పరిశోధనలు లోకానికి తెలుసు.

ఆ కథ విన్నప్పుడు మనం ఆయన మేధస్సు గురించే మాట్లాడుకుంటాం. నేను ఇంకోటి చూస్తాను. మామగారి డబ్బు, ఊరి ధర్మసంస్థ, రాత్రి పని, ఇంట్లో ఎదురుచూసే భార్య. వందేళ్ల తర్వాత కూడా ఎంఎస్ ఫండింగ్ ప్యాటర్న్ దాదాపు అదే. ధర్మసంస్థ స్థానంలో బ్యాంకు వచ్చింది, అంతే. 2001లో బ్యాంకుల సంఘం మోడల్ ఎడ్యుకేషన్ లోన్ పథకం తెచ్చాక, ఒక పరిమితి దాటిన లోన్‌కి తాకట్టు కావాలి. ఆ తాకట్టు చాలా ఇళ్లల్లో నాన్న కట్టుకున్న ఇల్లో, తాతల నాటి పొలమో. ఈ చెక్‌లిస్ట్‌లో ఒక గడి తప్పుగా నింపితే పోయేది సెమిస్టర్ ఒక్కటే కాదు.

ఇక పరీక్షలు. జీఆర్‌ఈ 1936లో మొదలైంది. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, కొలంబియాల గ్రాడ్యుయేట్ స్కూళ్లతో కలిసి మళ్లీ ఆ కార్నెగీ ఫౌండేషనే పెట్టింది. కారణం అనుమానమే. పేరు తెలీని చిన్న కాలేజీ నుంచి వచ్చినవాడి మార్కుల్ని నమ్మాలా వద్దా? అందరికీ ఒకే గీటురాయి ఉంటే బాగుంటుంది కదా. 1948లో ఆ పరీక్ష అప్పుడే పుట్టిన ఈటీఎస్ సంస్థ చేతికి వెళ్లింది. టోఫెల్ 1964లో మొదలైంది. 2011 దాకా జీఆర్‌ఈలో ఒక్కో సెక్షన్ 800కి, ఆ తర్వాత 170కి. మా సీనియర్ల "1300 స్కోర్" కథలు ఇప్పటి పిల్లలకి అర్థం కానిది అందుకే. 2020లో కోవిడ్ వచ్చి సెంటర్లు మూతపడేసరికి చాలా డిపార్ట్‌మెంట్లు జీఆర్‌ఈ అక్కర్లేదన్నాయి. వాటిలో చాలా వరకు మళ్లీ అడగలేదు. 2023 సెప్టెంబర్ నుంచి పరీక్షే రెండు గంటల లోపుకి తగ్గింది. అంటే ఈ గంప కింద పిల్లి సగం పారిపోయింది. కానీ చిన్న కాలేజీ నుంచి వచ్చినవాళ్లకి ఇది మొదట్లో ఏ పని కోసం పుట్టిందో ఆ పని ఇప్పటికీ చేస్తుంది. మీ కాలేజీ పేరు వాళ్లకి తెలీదు, నంబర్ తెలుసు. "ఆప్షనల్" అని ఉన్నచోట మంచి స్కోర్ ఉంటే పంపండి, లేకపోతే ఆ డబ్బు, ఆ మూడు నెలలు ప్రాజెక్టు మీద పెట్టండి.

ఇప్పుడు అసలు భయం, వీసా. 1917లో అమెరికా ఒక చట్టంతో ఆసియాలో చాలా భాగం నుంచి వలసని ఆపేసింది, అందులో మన దేశమూ ఉంది. విద్యార్థులకి మాత్రం మినహాయింపు ఇచ్చింది. సుబ్బారావు గారు వెళ్లింది ఆ సందులోంచే. 1924 చట్టం ఇంకో షరతు పెట్టింది: విద్యార్థి ప్రభుత్వం ఆమోదించిన స్కూల్లోనే చేరాలి, అతను చదువు మానేస్తే ఆ స్కూలు ప్రభుత్వానికి చెప్పాలి. ఈ వాక్యం గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది. 1952 చట్టంలో ఎఫ్ కేటగిరీ వచ్చింది, దాంతోపాటే 214(బి) సెక్షనూ వచ్చింది. దాని సారం ఇది: వీసా అడిగే ప్రతివాడూ అక్కడే ఉండిపోవడానికి వస్తున్నాడనే ముందుగా అనుకోవాలి. కాదని అధికారికి నమ్మకం కలిగించాల్సింది అడిగినవాడే. మామూలు కోర్టులో నేరం రుజువయ్యేదాకా నిర్దోషి. ఇక్కడ తిరగేసి చదువుకోవాలి. అందుకే రెండు నిమిషాల్లో ఇంటర్వ్యూ అయిపోయి తెల్ల కాగితం చేతికొస్తే, మీ ఇంగ్లీష్ తప్పనో, మీ చొక్కా రంగు తప్పనో కుమిలిపోకండి. అధికారి లోపల మొదటినుంచే "నో" ఉంది. దాన్ని "యెస్" చేసేది మూడే విషయాలు: ఈ కోర్సు నీకెందుకు, డబ్బు ఎవరిది, తర్వాత ఏంటి. ఈ మూడింటికీ బట్టీ పట్టని, నిజమైన జవాబు ఉండాలి.

మన దగ్గర దీనికి ఇంకో చరిత్ర ఉంది. హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ వచ్చింది 2008లో, బేగంపేట పైగా ప్యాలెస్‌లో. అంతకుముందు మనవాళ్లంతా చెన్నై రైలెక్కాల్సిందే. చిలుకూరు బాలాజీ "వీసా బాలాజీ" అయింది కూడా ఈ అనిశ్చితిలోంచే. పదకొండు ప్రదక్షిణలతో మొక్కు, పనయ్యాక నూటఎనిమిది. నేను దాన్ని వెక్కిరించను. ఇంటి పత్రాలు బ్యాంకులో పెట్టి, రెండు నిమిషాల మాట మీద అంతా ఆధారపడ్డ మనిషి ఇంకెక్కడికి పోతాడు? ఇప్పుడు కాన్సులేట్ నానక్‌రామ్‌గూడలో ఉంది. 2023-24లో అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. 2009 తర్వాత మొదటిసారి చైనాని దాటాం.

సెవిస్ ఫీజు సంగతి. 350 డాలర్లు. దీని వెనక రెండు పేలుళ్లు ఉన్నాయి. 1993లో న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ కింద బాంబు పెట్టిన ముఠాలో ఒకడు స్టూడెంట్ వీసా మీద వచ్చి, చదువు మానేసినవాడు. 1924 నాటి "స్కూలు చెప్పాలి" రూల్ కాగితాల గుట్టల్లో పడి నిద్రపోతోందని అప్పుడు తెలిసింది. 1996లో కంప్యూటర్‌లో పెట్టండని చట్టం చేశారు. పని నత్తనడక నడిచింది. 2001 సెప్టెంబర్ 11 వచ్చింది. ఆ తర్వాత ఆర్నెల్లకి, 2002 మార్చిలో, చనిపోయిన హైజాకర్లు ఇద్దరి స్టూడెంట్ వీసా ఆమోదించామంటూ ఫ్లోరిడాలోని ఫ్లయింగ్ స్కూలుకి ప్రభుత్వ ఉత్తరాలు వచ్చాయి! దేశమంతా తలదించుకుంది. 2003కల్లా సెవిస్ నడక మొదలుపెట్టింది.

ఈ గంప కింద మాత్రం పిల్లి బతికే ఉంది, పులిలా ఉంది. సెమిస్టర్‌కి సాధారణంగా తొమ్మిది క్రెడిట్లు తగ్గకూడదు, క్యాంపస్‌లో వారానికి 20 గంటలు దాటకూడదు, అడ్రస్ మారితే చెప్పాలి. ఇవన్నీ ఆ డేటాబేస్‌లో గడులు. ఎవరూ మిమ్మల్ని పిలిచి తిట్టరు, రికార్డు ఒక్కటే మారిపోతుంది. 2011లో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మూతపడ్డప్పుడు చిక్కుకున్నవాళ్లలో ఎక్కువమంది మన తెలుగు పిల్లలే. కొందరి కాళ్లకి ఎలక్ట్రానిక్ పట్టీలు వేశారు. ఆ యూనివర్సిటీ పెట్టినావిడకి తర్వాత పదహారేళ్లకు పైగా జైలుశిక్ష పడింది. 2019లో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ ఇంకా దారుణం. అది అమెరికా ప్రభుత్వ ఏజెంట్లే పెట్టిన వల. క్లాసులు లేవు, ప్రొఫెసర్లు లేరు, ఐ-20 మాత్రం ఉంది. అక్కడ పట్టుబడ్డవాళ్లలోనూ మనవాళ్లు చాలామంది. కాబట్టి "మొదటి రోజు నుంచే పని చేసుకోవచ్చు, క్లాసుకి రానక్కర్లేదు" అని ఎవరు చెప్పినా, చెప్పింది సొంత బావమరిదైనా సరే, లేచి వచ్చేయండి.

చివరిది ఓపీటీ. చదువు తర్వాత కొంతకాలం పని నేర్చుకోవచ్చనే వెసులుబాటు 1947 నిబంధనల్లోనే ఉంది. ఓపీటీ అనే పేరుతో పన్నెండు నెలలు అన్నది 1992లో వచ్చింది. స్టెమ్ చదివినవాళ్లకి 2008లో మరో 17 నెలలు కలిపారు, 2016లో అది 24 అయింది. మొత్తం 36 నెలలు. ఇవన్నీ చట్టసభ చేసిన చట్టాలు కావు, ప్రభుత్వ శాఖ రాసుకున్న నియమాలు. కోర్టుల్లో సవాళ్లు ఎదుర్కొన్నవి. అంటే ఒక ప్రభుత్వం కలం పోటుతో ఇచ్చింది, ఇంకో ప్రభుత్వం కలం పోటుతో మార్చగలదు. హెచ్‌-1బీ అలా కాదు, అది 1990 చట్టంలోది. అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకి అదనంగా ఇరవై వేలు అన్నదీ 2004 చట్టంలోది. కానీ అక్కడా లాటరీ ఉంది, నియమాలు వేగంగా మారుతున్నాయి. అందుకని ఇంట్లో లోన్ లెక్క వేసేటప్పుడు ఓపీటీ జీతాన్ని ఆదాయం కింద రాసుకోకండి. వస్తే వచ్చినట్టు. రాకపోయినా ఇక్కడి జీతంతో ఈఎంఐ కట్టగలమా అని ఒక కాలమ్ పక్కన రాసుకోండి. ఆ కాలమ్ నిండకపోతే, ఆ యూనివర్సిటీ ఎంత పేరున్నదైనా ఇంకోసారి ఆలోచించండి.

మొత్తం చూస్తే నాకు కనిపించేది ఇదీ. ఈ చెక్‌లిస్ట్‌లో ప్రతి గడీ ఎవరో ఒకరి అనుమానానికి జవాబు. ట్రాన్స్‌క్రిప్ట్, పరీక్ష స్కోరు డిపార్ట్‌మెంట్ అనుమానానికి. ఫండ్స్ కాగితం, ఇంటర్వ్యూ కాన్సులేట్ అనుమానానికి. సెవిస్ పోలీసు అనుమానానికి. తాకట్టు బ్యాంకు అనుమానానికి. ఒకరికి చెప్పాల్సిన జవాబు ఇంకొకరికి చెప్తేనే ఇబ్బంది. డిపార్ట్‌మెంట్‌కి రాసే ఎస్‌ఓపీలో మీ దేశభక్తి అక్కర్లేదు. వీసా అధికారికి మీ సీజీపీఏ కథ అక్కర్లేదు. ఎవరి ప్రశ్న ఏంటో తెలిస్తే జవాబు మూడు వాక్యాల్లో అయిపోతుంది.

ఇన్ని అనుమానాల మధ్య ఒకే ఒక్క గడి ఖాళీగా ఉంటుంది, దాన్ని ఎవరూ అడగరు: ఈ చదువు నాకు నిజంగా కావాలా? 1215లో పారిస్‌లో ఆరేళ్లు పాఠాలు విన్న కుర్రాడికి, చివర్లో తను పంతులవుతానని తెలుసు. మనం ఏమవుదామని వెళ్తున్నామో అది మనమే రాసుకోవాలి. ఇంకో మాట, రూల్స్ మారుతుంటాయి కాబట్టి తేదీలు, ఫీజులు నా మాట మీద కాకుండా ఆ యూనివర్సిటీ, ఆ ప్రభుత్వ శాఖ సైట్‌లోనే చూసుకోండి. చరిత్ర మాత్రం మారదు, అది నా దగ్గర తీసుకోండి.